బతికించాం, పొమ్మంటారా?

గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కి వైద్యం చేయించుకుని బతికి బయటపడ్డ ఆడమనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకుని "అమ్మా, నీకు మూత్రం ఆగుతోందా?" అని అడిగే డాక్టర్ని చూపించండి. లేరనను, ఉన్నారు. వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. మిగతావాళ్ళు గడ్డ కరిగిందా లేదా చూస్తారు, స్కాన్ రాస్తారు, "అంతా బాగుంది, మూడు నెలలకి రండి" అంటారు. ఆవిడ లేచి నిలబడగానే కుర్చీ తడిసిందేమోనని వెనక్కి తిరిగి చూసుకుంటుంది. ఆ చూపు ఎవరికీ కనబడదు. కనబడినా కేసు షీట్లో దానికో గడి లేదు.

నా కోపమంతా ఆ లేని గడి మీదే.

2022 అంచనాల ప్రకారం మన దేశంలో ఏడాదికి దాదాపు లక్షా 27 వేల మందికి కొత్తగా ఈ క్యాన్సర్ వస్తోంది. 80 వేల మంది దాకా చనిపోతున్నారు. పోయినవాళ్ళని లెక్కపెడుతున్నారు, మంచిదే. మిగిలినవాళ్ళు అయిదేళ్ళు బతికారా అని చూస్తున్నారు, అదీ మంచిదే. ఆ అయిదేళ్ళలో ఎన్ని రాత్రులు పక్క తడవకుండా నిద్రపోయారో, ఎన్ని పెళ్ళిళ్ళకి వెళ్ళకుండా ఎగ్గొట్టారో, ఎన్నిసార్లు దాహమేసినా నీళ్ళు తాగకుండా నోరు కట్టుకున్నారో ఎవరి పుస్తకంలో ఉంది? "బతికావు కదా, ఇంకేం కావాలి?" అనేది మొగుడనే మాట, అత్తగారనే మాట. తెల్లకోటు వేసుకున్న మనిషి నోట కూడా అదే మాట, కాస్త మెత్తగా.

అసలు ఇది ఎవరూ ఊహించని విపరీతమేమీ కాదు. మూత్రాశయం గర్భాశయ ముఖద్వారానికి ముందువైపు ఆనుకునే ఉంటుంది. ఒకదాని మీద చెయ్యి పడితే రెండోది తప్పించుకోవడం కష్టమని వైద్యానికి మొదట్నుంచీ తెలుసు.

ఆపరేషన్ సంగతే తీసుకోండి. గడ్డ చిన్నగా ఉన్నప్పుడు పట్టుకుంటే గర్భసంచినీ, దాని పక్కలనున్న కండనీ, యోని పైభాగాన్నీ, లింఫ్ గ్రంథుల్నీ కలిపి తీసేస్తారు. రాడికల్ హిస్టరెక్టమీ అంటారు. వియన్నాలో ఎర్న్‌స్ట్ వెర్థైమ్ 1898లో మొదలుపెట్టి పేరు తెచ్చుకున్న ఆపరేషన్ అది. ఆ పక్కకండలోంచే మూత్రాశయానికి సన్నటి నరాలు వెళ్తాయి. సంచి నిండిందని తెలియాలన్నా, అది ముడుచుకుని మూత్రాన్ని బయటికి తోయాలన్నా ఆ నరాలుండాలి. కత్తి ఎంత వెడల్పుగా వెళ్తే అంతగా అవి తెగుతాయి. తెగాక ఆవిడకి మూత్రం వస్తున్న సంగతే తెలియదు. పొత్తికడుపు మీద రెండు చేతులూ పెట్టి నొక్కుకుంటే గానీ దిగదు. దిగినా సగం లోపలే ఉండిపోతుంది. నిలవ ఉన్న మూత్రంలో ఇన్ఫెక్షన్ పుట్టి కిడ్నీల దాకా పాకుతుంది. ఇంకోపక్క దగ్గితే కారుతుంది, తుమ్మితే కారుతుంది, బిందె ఎత్తితే కారుతుంది.

నరాల్ని కాపాడుకుంటూ ఇదే ఆపరేషన్ చేసే దారిని జపాన్ సర్జన్లు ఎప్పుడో వెతికారు. 2008లో ఈ ఆపరేషన్లని కొత్తగా వర్గీకరించినప్పుడు నరాలు కాపాడే పద్ధతికి ప్రత్యేకంగా ఒక తరగతే కేటాయించారు. 2024లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో షేప్ ట్రయల్ ఫలితాలొచ్చాయి. గడ్డ రెండు సెంటీమీటర్లకి మించని, ప్రమాదం తక్కువగా ఉన్న 700 మందిని రెండుగా విడదీసి, ఒక సగానికి పెద్ద ఆపరేషన్, ఇంకో సగానికి మామూలుగా గర్భసంచి తీసే ఆపరేషన్ చేశారు. మూడేళ్ళకి కటిభాగంలో క్యాన్సర్ తిరగబెట్టింది పెద్దదానిలో 2.2 శాతం మందికి, చిన్నదానిలో 2.5 శాతం మందికి. తేడా లేనట్టే. నాలుగు వారాలు దాటాక కూడా మూత్రం దిగక అవస్థపడ్డవాళ్ళు? పెద్దదానిలో 9.9 శాతం, చిన్నదానిలో 0.6 శాతం. కారేవాళ్ళు 11 శాతం, 4.7 శాతం. వెర్థైమ్ నుంచి నూటపాతికేళ్ళు పట్టింది ఈ ప్రశ్నని ఇంత పకడ్బందీగా అడగడానికి! అడిగితే జవాబు దొరికింది. అడగడమే ఆలస్యం.

అయితే గడ్డ రెండు సెంటీమీటర్లున్నప్పుడే దొరికే అదృష్టం మన ఆడవాళ్ళలో ఎంతమందికి? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 30 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో జీవితంలో ఒక్కసారైనా ఈ క్యాన్సర్ పరీక్ష చేయించుకున్నవాళ్ళు 1.9 శాతం. నూటికి ఇద్దరు కూడా లేరు. అందుకే మనవాళ్ళు తెల్లబట్టా, నెత్తురూ ఏళ్ళ తరబడి దాచుకుని, గడ్డ పక్కలకి పాకాక ఆసుపత్రి మెట్లెక్కుతారు. అప్పటికి ఆపరేషన్ దాటిపోతుంది. ఇక కరెంటు, అంటే రేడియేషన్, పెట్టించుకోవడమే. అయిదు వారాలు, పాతిక సిట్టింగులు, వారానికోసారి సిస్‌ప్లాటిన్, ఆ తర్వాత లోపల పెట్టే రేడియేషన్.

ఇక్కడ ఒక చిత్రం ఉంది, వినండి. చాలాచోట్ల రోజూ మిషను బల్ల ఎక్కేముందు ఆవిడని ఇన్ని నీళ్ళు తాగి, ఇంతసేపు ఆపుకోమంటారు. సంచి నిండుగా ఉంటే పేగులు పైకి జరుగుతాయి, వాటికి దెబ్బ తగ్గుతుంది. తాగకపోతే టెక్నీషియన్ కసురుకుంటాడు, వెనక్కి పంపి మళ్ళీ తాగి రమ్మంటాడు. లోపల రేడియేషన్ పెట్టే రోజున మూత్రాశయంలో గొట్టం వేస్తారు. ఎక్స్‌రేలో జాడ తెలియడం కోసం ఆ గొట్టం చివరి బుడగలో మందు నింపుతారు. స్కాన్ మీద ప్లాన్ చేసేచోట, మూత్రాశయంలో అన్నిటికంటే ఎక్కువ దెబ్బ తగిలే రెండు క్యూబిక్ సెంటీమీటర్లకి ఎంత డోసు పడిందో దశాంశాలతో సహా కంప్యూటర్లో రాసి ఉంటుంది. మూత్రాశయం మీద ఎంత శ్రద్ధ, ఎంత లెక్క! మిషను ఆగేదాకా. ఆగిన మర్నాటి నుంచి ఆ సంచి ఊసు ఎత్తేవాడు లేడు. తగిలిన డోసు రాశారు, తగిలాక ఏమైందో రాయరు. ఫ్యాక్టరీలో కూడా మిషను వాడాక పని ఎలా చేస్తోందో రిజిస్టర్లో రాస్తారు కదయ్యా!

రేడియేషన్ దెబ్బ వెంటనే కనిపించేది కొంత. అప్పటి మంటా, మాటిమాటికీ పరుగూ కొన్ని వారాల్లో తగ్గుతాయి. అసలుది తర్వాత వస్తుంది. మూత్రాశయం గోడలోని సన్నటి రక్తనాళాలు ఏళ్ళ మీద మూసుకుపోతూ వస్తాయి. నెత్తురు అందక గోడ బిరుసెక్కుతుంది. సాగాల్సిన సంచి సాగదు, గ్లాసుడు మూత్రం కూడా పట్టదు. గంటకోసారి, అరగంటకోసారి లేవాలి. పలచబడ్డ నాళాలు చిట్లి మూత్రంలో నెత్తురొస్తుంది, గడ్డలు కట్టి దారికి అడ్డం పడుతుంది. కొందరికి మూత్రాశయానికీ యోనికీ మధ్య రంధ్రం పడి రాత్రీ పగలూ కారుతూనే ఉంటుంది. ఎండిపోయిన ఆ కండ కుట్టు వేసినా అతుక్కోవడం కష్టం. ఇది ఆరు నెలలకి రావచ్చు, పదేళ్ళకి రావచ్చు, ఇరవై ఏళ్ళకి కూడా రావచ్చు. ఈలోపు ఆసుపత్రి ఆవిడ ఫైలు కట్టకట్టి అటక మీద పడేసి ఉంటుంది.

అప్పుడు ఆవిడ ఎక్కడికి వెళ్తుంది? ఊళ్ళో ఆర్ఎంపీ దగ్గరికి. ఆయనేమంటాడు? "వేడి చేసిందమ్మా."

ఈ వేడి అనే జబ్బు మన రెండు రాష్ట్రాల్లో ఎంతమంది ఆడవాళ్ళ ఒళ్ళు గుల్ల చేసిందో చెప్పలేను. మంటపుడితే వేడి, మాటిమాటికీ వస్తే వేడి, ఎర్రగా వస్తే బాగా వేడి. సబ్జా గింజలు, బార్లీ నీళ్ళు, కొబ్బరిబొండం, రెండు రోజులకి యాంటీబయాటిక్ మాత్రలు. తగ్గకపోతే ఇంకో రంగు మాత్రలు. పదేళ్ళ క్రితం కరెంటు పెట్టించుకున్న సంగతి ఆవిడ చెప్పదు, ఆయన అడగడు. ఆర్ఎంపీని తిట్టి లాభం లేదు. టౌన్లో పెద్ద బోర్డు పెట్టుకున్న ఎంబీబీఎస్‌లు కూడా మూత్రం కల్చర్ పంపించకుండా అదే చీటీ రాసిన సందర్భాలు నేను చూశాను. లోపలికి కెమెరా వేసి చూస్తే తెలుస్తుంది, అది రేడియేషన్ గాయమా, ఇన్ఫెక్షనా, లేక క్యాన్సరే తిరగబెట్టిందా అని. మూడింటికీ వైద్యం వేరు. మూడింటికీ ఒకటే పేరు పెట్టి కొబ్బరినీళ్ళు తాగించడం ఏ శాస్త్రం?

మా పిన్ని ఒకావిడ పల్నాడులో మిరపకోతలకి వెళ్ళేది. కరెంటు పెట్టించుకుని నాలుగేళ్ళు దాటింది, గడ్డ మళ్ళీ రాలేదు, ఆసుపత్రి లెక్కలో ఆవిడ విజయం. ఆ విజయం ఎలా ఉండేదో చెప్తాను. కోతకి వెళ్ళే ముందురోజు సాయంత్రం నుంచే నీళ్ళు మానేసేది. పొద్దున టీ కూడా సగం పారబోసేది. నీళ్ళు మానేస్తే మూత్రం చిక్కబడి ఇంకా మండుతుందనీ, ఇన్ఫెక్షన్లు ముదురుతాయనీ ఆవిడకి ఎవరూ చెప్పలేదు. పాత నేతచీర చించి మడతపెట్టిన గుడ్డలు ఒక క్యారీబ్యాగులో తెచ్చుకునేది. చేలో మరుగెక్కడిది? కంపచెట్ల వెనక్కి వెళ్ళి మార్చుకోవాలి, పొద్దుటి నుంచీ మిరపకాయలు కోసిన చేత్తో. కాయ ఘాటు వేళ్ళకి పట్టి ఉంటుంది, ఎంత కడిగినా పోదు, కడగడానికి నీళ్ళు కూడా ఉండవు. ఇది చదువుతున్న మగవాళ్ళకి ఆ మంట ఊహకి అందకపోతే, ఈ సీజన్లో ఓసారి కోతకి వెళ్ళి వచ్చి కళ్ళు నలుపుకోండి. రాత్రి చాప కింద యూరియా సంచి పరుచుకుని పడుకునేది.

"పిన్నీ, డాక్టరుకి చెప్పకపోయావా?" అంటే, "ఏం చెప్పమంటావే? మగాయన. చచ్చేదాన్ని బతికించాడు, దణ్ణం పెట్టొచ్చా. మళ్ళీ ఇదో నస పెట్టుకోమంటావా?" అంది. ఒకరోజు ఆటోలో పక్కన కూర్చున్నావిడ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది. ఆ మర్నాటి నుంచి మేస్త్రి ఎన్నిసార్లు కబురు పంపినా పిన్ని కోతకి పోలేదు. మంచం వేరు చేయడం అంతకు ముందే అయిపోయింది. దాని గురించి మా ఇంట్లో ఎవరూ మాట్లాడుకోలేదు, నేనూ ఇక్కడ ఎక్కువ మాట్లాడను.

ఈ మాట ఎత్తితే డాక్టర్లు నాకు చెప్పే జవాబు ఒకటుంది. "ఇవన్నీ ముందే చెప్తే భయపడి వైద్యం మానేసి పారిపోతారండీ. ముందు ప్రాణం." ప్రాణం ముందనే మాట కాదనను. పాతికేళ్ళ అనుభవంతో చెప్తున్నారు, వినాలి. కానీ చెప్పకపోవడం వల్ల జరిగేదేమిటో ఊళ్ళోకి వచ్చి చూడండి. ఎవరూ హెచ్చరించలేదు కాబట్టి, కారడం మొదలవగానే తనకి వైద్యం తప్పు చేశారనుకుంటుంది. "కరెంటు పెట్టించుకుంటే ఇక జీవితాంతం తడిబట్టే" అని వీధిలో నలుగురికీ తెలుస్తుంది. ఆ నలుగురిలో ఒకావిడకి తెల్లబట్ట అవుతూ ఉంటుంది. ఆవిడ ఆసుపత్రికి రాదు. మీరు దాచింది మీ రోగినే కాదు, రావాల్సిన తర్వాతి రోగిని కూడా దూరం చేసింది. ముందే చెప్పి, వస్తే ఇలా చూసుకుందామని చెప్పి, నిజంగా చూసుకున్న చోట ఈ పుకారుకి పని ఉండదు.

ఇందులో మన రాష్ట్రాల ప్రత్యేకత ఒకటుంది, దాన్ని దాటి పోలేను. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో గర్భసంచి తీయించుకున్నవాళ్ళు దేశం మొత్తం మీద 3.2 శాతం ఉంటే, ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7. "తీసేయకపోతే క్యాన్సరవుతుంది" అని బెదిరించి ముప్పై అయిదేళ్ళకే సంచీ కోసిన దుకాణాల పుణ్యం ఇందులో ఎంతో ఉంది. క్యాన్సర్ లేనివాళ్ళకి అలా కోశారు. క్యాన్సర్ ఉన్నవాళ్ళకి కూడా పాప్ పరీక్ష అయినా చేయకుండా మామూలు ఆపరేషన్ చేసేసి, బయాప్సీ రిపోర్టు వచ్చాక నాలిక్కరుచుకున్నవాళ్ళున్నారు. అప్పుడు కోసిన చోట మళ్ళీ రేడియేషన్. ఆపరేషనూ రేడియేషనూ రెండూ ఒకే ఒంటి మీద పడితే దెబ్బ ఎక్కువని 1997లోనే ఇటలీ డాక్టర్లు లాన్సెట్‌లో రాశారు. ఆపరేషన్‌తో మొదలుపెట్టినవాళ్ళూ, ఒక్క రేడియేషనే తీసుకున్నవాళ్ళూ బతకడంలో సమానమే. తీవ్రమైన దుష్ఫలితాలు మాత్రం మొదటివాళ్ళలో 28 శాతం, రెండోవాళ్ళలో 12 శాతం. మొదటివాళ్ళలో సగానికి పైగా తర్వాత రేడియేషన్ కూడా తీసుకోవాల్సొచ్చింది మరి. పరీక్ష చేయకుండా కత్తి పట్టిన చెయ్యికి ఈ లెక్క ఎవరు చూపిస్తారు?

ఇక ఏలినవారు. 2007లో ఆరోగ్యశ్రీ వచ్చింది, పేదవాళ్ళకి క్యాన్సర్ వైద్యం అందింది, దాన్ని నేను తక్కువ చేయను. పథకం పేరు ఏ పార్టీ వస్తే ఆ పార్టీ మారుస్తుంది, అది వేరే కథ. కానీ ఏ పేరు పెట్టినా ప్యాకేజీ ఆలోచన ఆపరేషన్ బల్ల చుట్టూ, రేడియేషన్ బల్ల చుట్టూ తిరుగుతుంది. ఇంటికెళ్ళాక రోజుకి నాలుగు మార్చుకునే ప్యాడ్ల ఖర్చు ఎవరిది? నెలసరి ప్యాడ్ల మీద జీఎస్టీని 2018 జూలైలో ఎత్తేశారు, చప్పట్లు కొట్టాం. కారుతున్న పెద్దామె వాడే డైపర్ మీద మాత్రం 2025 సెప్టెంబరు దాకా 12 శాతం వసూలు చేశారు. ఇప్పుడు 5 శాతానికి దించి ఉద్ధరించామంటున్నారు. అయిదు మాత్రం ఎందుకు, ఏం విలాసమని? 2016 వికలాంగుల హక్కుల చట్టంలో 21 రకాల వైకల్యాలు రాశారు. మూత్రం నిలవకపోవడం అందులో లేదు. వైకల్య ధ్రువపత్రమిచ్చే సదరం క్యాంపుకి వెళ్ళి ఆవిడ ఏం చూపించాలి, చీరా?

బస్సు సంగతి చెప్పకపోతే నాకు నిద్రపట్టదు. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి, ఆంధ్రలో 2025 ఆగస్టు నుంచి ఆడవాళ్ళకి పల్లెవెలుగులో, ఎక్స్‌ప్రెస్‌లో టికెట్ లేదు. గొప్ప పని. కానీ అరగంటకోసారి లేవాల్సిన ఆడమనిషికి ఆ ఉచిత బస్సు ఎందుకు? ఆదిలాబాద్ నుంచి హైదరాబాద్ చెకప్‌కి రావాలంటే ఆవిడ ఎక్కడ దిగాలి? డ్రైవర్ని ఆపమనాలి, మగవాళ్ళందరూ చూస్తుండగా రోడ్డు పక్కకి దిగాలి. బస్టాండ్లో మరుగుదొడ్డి ఉన్నా తలుపుకి గడియ ఉండదు, గడియ ఉంటే నీళ్ళుండవు. ఆవిడ చెకప్పే మానేస్తుంది. "పేషెంట్ ఫాలో అప్‌కి రాలేదు" అని ఫైల్లో రాస్తారు. తప్పు ఆవిడదే అయింది.

టీవీ వాళ్ళ మాట ఒక్కటి. 2024 ఫిబ్రవరిలో ఒక నటి ఈ క్యాన్సర్‌తో చనిపోయినట్టు నాటకమాడి మర్నాడు బతికొచ్చింది, అవగాహన కోసమంది. రెండురోజులు ఛానళ్ళన్నీ ఊగిపోయాయి. చావు గురించీ టీకా గురించీ మాట్లాడారు. బతికినవాళ్ళు ఎలా బతుకుతున్నారన్న మాట నా చెవిన పడలేదు.

ఇంత కోపం దేనికంటే, చేయాల్సింది కొండలెత్తడం కాదు కాబట్టి. మూత్రం పోసుకున్నాక సంచిలో ఎంత మిగిలిందో మామూలు అల్ట్రాసౌండ్‌తో అయిదు నిమిషాల్లో తెలుస్తుంది. స్కానింగ్ సెంటర్ లేని టౌను లేదు మన దగ్గర. మిగులుతుంటే సన్నటి గొట్టంతో తనకు తానే మూత్రం తీసుకోవడం నేర్పొచ్చు. దానికి ఆపరేషన్ థియేటరంత శుభ్రత అక్కర్లేదనీ, సబ్బుతో కడిగిన చెయ్యి చాలనీ అమెరికాలో లాపిడెస్ అనే యూరాలజిస్టు 1972లోనే నిరూపించాడు. యాభై ఏళ్ళు దాటింది. ఒక నర్సు, ఒక అద్దం, ఓ అరగంట కావాలి. కబురు తెలియని సంచికి గడియారం కబురు పెట్టాలి, మూడు గంటలకోసారి వెళ్ళమని. కటి కండరాల వ్యాయామం కెగెల్ 1948లో చెప్పాడు. గంటగంటకీ పరుగెత్తించే సంచిని నెమ్మదింపజేసే మాత్రలున్నాయి. రేడియేషన్‌తో మూత్రాశయం దెబ్బతిన్నవాళ్ళకి ఒత్తిడి పెంచిన గదిలో ఆక్సిజన్ పీల్పించే వైద్యం పనిచేస్తుందని 2019లో నార్డిక్ దేశాల డాక్టర్లు లాన్సెట్ ఆంకాలజీలో చూపించారు. అది ఖరీదు, అందరికీ అందదు, ఒప్పుకుంటాను. ఖరీదు లేనివైనా ఎందుకు అందడం లేదో చెప్పండి. ఇంటింటికీ తిరిగి షుగరూ బీపీ అడిగే ఆశా కార్యకర్త కాగితంలో ఇంకొక్క వరుస చేర్చడానికి ఎంత ఇంకు ఖర్చవుతుంది?

వైద్యం చేయించుకున్న అక్కలకీ, పిన్నులకీ, వదినలకీ ఒక మాట. మీ పాత ఫైలు పారేయొద్దు. ఎన్ని సిట్టింగులు, ఏ ఏడు, ఏ ఆసుపత్రి అన్నది అందులో ఉంటుంది. మూత్రంలో నెత్తురు చుక్క కనబడినా, దిగకపోయినా, ఆగకపోయినా ఆ ఫైలు పట్టుకుని వెళ్ళి, "నాకు ఇక్కడ కరెంటు పెట్టారు" అని మొదటి మాటగా చెప్పండి. మంచినీళ్ళు మానొద్దు. సిగ్గుపడాల్సింది మీరు కాదు. మూత్రం కల్చర్‌కి పంపారా, మిగిలింది స్కాన్‌లో చూశారా, యూరాలజిస్టుకి చీటీ రాశారా అని అడగండి. వేడి చేసిందని రెండు మాత్రలు చేతిలో పెట్టి "తర్వాత ఎవరు?" అని బెల్లు కొడితే, కుర్చీలోంచి లేవొద్దు.